చిప్పుకు అడంగల్ రాసే కరణాలు

భూమికి నోరుంటే కరణానికి పనేముంది? తన హద్దులేవో, తనను దున్నేదెవరో, శిస్తు ఎంతో పొలమే చెప్పుకోగలిగితే విజయనగరం జమీలో గానీ బొబ్బిలి జమీలో గానీ ఆ గొలుసుకట్టు రాతగాడి గుమ్మం ఏ రైతూ ఎక్కేవాడు కాదు. భూమికి నోరు లేదు కాబట్టే కరణానికి రెండు నోళ్లు వచ్చాయి. ఒకటి రైతుతో మాట్లాడ్డానికి, రెండోది దివాణంతో మాట్లాడ్డానికి.

ఇప్పుడు జేబులో ఫోను, టీవీ కింద సెట్‌టాప్ బాక్సు, రేషను డిపోలో వేలిముద్ర అడిగే మిషను, గోడకు వేలాడే ఇంటర్నెట్ డబ్బా. వీటన్నిటి పొట్టలో ఉండే సిస్టమ్ ఆన్ చిప్‌కు కూడా నోరు లేదు. గోరంత సిలికాన్ పలుకులో ఓ ఊరు ఊరంతా కాపురం ఉంటుంది. ప్రాసెసరు, సీరియల్ పోర్టు, ఐ2సి, ఎస్‌పీఐ, జీపీఐవో, క్లాకులు, ఇంటరప్టు కంట్రోలరు. యూఎస్‌బీ పరికరాలు, పీసీఐ కార్డులు మర్యాదస్తులు. గుచ్చగానే మాది ఫలానా కంపెనీ, మా నంబరు ఫలానా అని వినయంగా చెప్పుకుంటాయి. చిప్పు లోపలి కాపురాలకు ఆ మర్యాద లేదు. ఫలానా అడ్రసులో ఒక రిజిస్టరు ఉంటుంది. తెలిసినవాడు ఆ తలుపు తడితే పలుకుతుంది. తెలియనివాడు పక్క తలుపు తడితే మిషను కొయ్యబారిపోతుంది. అందుకే లినక్స్ కెర్నల్ నిద్ర లేవగానే అడిగేది ఒకటే, ఈ ఊళ్లో ఎవరెవరు ఎక్కడెక్కడ ఉంటున్నారు అని. దానికి జవాబు ముందే రాసి చేతికివ్వాలి. ఆ కాగితమే డివైస్ ట్రీ.

అడంగల్ చూసినవాడికి డివైస్ ట్రీ చదవడం పెద్ద విద్య కాదు. అందులో ఒక్కో నోడు ఒక్కో సర్వే నంబరు. 'రెగ్' అనే గడిలో హద్దూ విస్తీర్ణమూ ఉంటాయి, అంటే ఏ అడ్రసు నుంచి మొదలు, ఎన్ని బైట్ల మేర అని. 'క్లాక్స్' గడి నీటి వాటా, ఏ కాలువ నుంచి ఎన్నో తూము అని. 'ఇంటరప్ట్స్' గడిలో వీడికి కష్టమొస్తే మోగించాల్సిన గంట నంబరు. 'కంపేటిబుల్' గడిలో పట్టాదారు పేరు. ఆ పేరు చూసి వచ్చి దున్నే డ్రైవరు అనుభవదారు. పట్టాదారు ఉండి అనుభవదారు లేని నోడ్లు కొల్లలు. మన దగ్గర బీడు భూములు లేవా ఏమిటి?

చిప్పుకంతటికీ కలిపి రాసినది డీటీఎస్ఐ ఫైలు. ఆ చిప్పును ఏ బోర్డు మీద అతికించారో, ఏ తీగ ఎక్కడికి లాగారో రాసేది డీటీఎస్ ఫైలు. రెండిటినీ డీటీసీ అనే కంపైలరులో వేసి తిప్పితే డీటీబీ అనే ముద్ద వస్తుంది. ఆ ముద్ద మొదటి నాలుగు బైట్లు డి00డిఫీడ్ అని ఉండాలి. పాత దస్తావేజు నెత్తిన 'శ్రీరామ' అని రాసినట్టు. అది లేకపోతే కెర్నల్ ఆ కాగితాన్ని ముట్టుకోదు.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కూడా కాదు. సన్ కంపెనీ స్పార్క్ మిషన్లలో ఓపెన్ ఫర్మ్‌వేర్ అని ఒకటుండేది. 1994లో దానికి ఐఈఈఈ 1275 అని ప్రమాణం కూడా రాశారు. అక్కడ మిషనే తన ఊరి జాబితా తయారుచేసి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించేది. పవర్‌పీసీ ప్రాసెసర్ల వాళ్లు దాన్ని తెచ్చుకుని, అంత పెద్ద ఫర్మ్‌వేర్ మాకెందుకు, జాబితా ఒక్కటి చాలని దాన్ని చదును చేసి వాడుకున్నారు. బుద్ధిమంతులు. ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ల వాళ్లకు ఆ బుద్ధి రావడానికి చాలా కాలం, ఒక చీవాటు పట్టాయి.

ఆ కాలంలో కెర్నల్‌లో ఆర్మ్ పేట ఎలా ఉండేదంటే, ప్రతి బోర్డుకూ ఒక సి ఫైలు. ఊరికో కరణం, కరణానికో పెట్టె, పెట్టెకో తాళం. పక్క ఊరి కరణం రాసింది చూసి రాసేవాళ్లు, కానీ చూశామని ఒప్పుకునేవాళ్లు కాదు. ఒకే సీరియల్ పోర్టు గురించి పది ఫైళ్లలో పది రకాలుగా. ఒక బోర్డుకు కట్టిన కెర్నల్ ఇంకో బోర్డు మీద లేచేది కాదు. అంటే, గంట్యాడ కరణం రాసిన దండకవిలె పట్టుకుని గజపతినగరం వెళ్తే అక్కడి అమీను దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసినట్టు. కంపెనీలు మాత్రం ఏడాదికో చిప్పు దించుతూనే ఉన్నాయి. ఫైళ్లు గుట్టలు గుట్టలు.

2011 మార్చిలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌కు ఓపిక నశించింది. ఆర్మ్ పేట నుంచి వచ్చే మార్పుల పెంట మీద నలుగురిలో విరుచుకుపడ్డాడు. ఆయన వాడిన మాటలు కుటుంబ పత్రికలో అచ్చు వేసేవి కావు. 1984లో ఎన్టీ రామారావు ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను ఊడబెరికినట్టే, ఆ తిట్టుతో ఆర్మ్ పేటలో బోర్డు ఫైళ్ల కరణీకానికి కాలం చెల్లింది. ఇకనుంచి హార్డ్‌వేర్ వివరం సి కోడులో కాదు, డివైస్ ట్రీలో రాయమన్నారు. 2012 డిసెంబరులో వచ్చిన 3.7 కెర్నల్‌తో ఒకే కెర్నల్ అనేక ఆర్మ్ బోర్డుల మీద లేచే ఏర్పాటు మొదలైంది. అదే విడుదలలో 64 బిట్ల ఆర్మ్ కూడా పుట్టింది. దానికైతే బోర్డు ఫైళ్ల ముచ్చటే లేదు, పుట్టుకతోనే అడంగల్. ఆర్మ్ డీటీఎస్ ఫైళ్లన్నీ ఒకే గదిలో వెయ్యికి పైగా గుట్టపడితే 2023లో, 6.5 కెర్నల్ నాటికి, కంపెనీకో అర చొప్పున సర్దారు.

కరణీకం పోయింది. కరణాలు పోలేదు. మా వైపు పల్లెల్లో ఈ ముక్కకు ఎవరూ వ్యాఖ్యానం అడగరు.

ఇప్పుడు చిప్పు కంపెనీల సంగతికి వద్దాం. కెర్నల్ పెద్దలు ఒక నియమం పెట్టారు. డివైస్ ట్రీలో ఉన్నది రాయండి, మీకు కావాల్సింది రాయకండి అని. బోర్డు మీద టంకం వేసి ఉన్నది హార్డ్‌వేరు. మీ డ్రైవరు ఎలా నడవాలో, ఎప్పుడు వేగం పెంచాలో, ఏ లోపాన్ని ఎలా కప్పిపుచ్చాలో అది హార్డ్‌వేరు కాదు, మీ కోరిక. కంపెనీ వాళ్లు సొంతానికి అట్టేపెట్టుకున్న కెర్నల్ తెరిచి చూడండి. నోడుకు నలభై గడులు, వాటిలో ముప్పై అయిదు కోరికలే. 'ఇది ఇలా చెయ్యి', 'అది అలా వదిలెయ్యి', 'రెండో రకం బోర్డయితే ఈ చిట్కా వాడు'. అడంగల్‌లో పంట గడిలో వరి అని రాయాల్సిన చోట 'మా బావమరిది అడిగితే ఇవ్వవలెను' అని రాసినట్టుంటుంది. మెయిన్‌లైన్ కెర్నల్‌కు, అంటే అందరి ఉమ్మడి కెర్నల్‌కు, పంపితే పరిశీలకులు ఒకే ప్రశ్న వేస్తారు: ఇది హార్డ్‌వేరా, నీ డ్రైవరు అవసరమా? ఆ ప్రశ్నకు జవాబు లేక కంపెనీ వాళ్లు తెలివైన మార్గం కనిపెట్టారు. అసలు పంపకపోవడం.

పరిశీలకులేం తక్కువ తినలేదు, అదీ చెప్పుకోవాలి. 2018, 19 ప్రాంతంలో గడుల వివరణలన్నీ మామూలు టెక్స్టు నుంచి యామెల్ స్కీమాకు మార్చడం మొదలుపెట్టారు. ఊరంతటికీ రీసర్వే. ఇప్పుడు ఏ నోడులో ఏ గడి ఉండాలో, ఏది తప్పనిసరో మిషనే చూసి చెప్తుంది. నోడు పేరు పక్కనున్న అడ్రసూ లోపల 'రెగ్' గడిలో ఉన్న అడ్రసూ కలవకపోతే డీటీసీ గొణుగుతుంది. ముందు సున్నాలు పెడితే గొణుగుతుంది. తలుపు మీద ఒక నంబరు, పన్ను రసీదు మీద ఒక నంబరు ఉంటే మన మునిసిపాలిటీ గొణగదు, కానీ ఇది గొణుగుతుంది. అక్షర క్రమం తప్పిందని, ఖాళీ లైను ఎక్కువైందని పదో సారి కూడా వెనక్కి పంపేవాళ్లున్నారు. ఇంత చాదస్తం ఎందుకంటారా? ఆ చాదస్తం లేని ఊరు ఎలా ఉంటుందో మనకు తెలియదనా?

ఇంటిపేర్ల విషయం ఇంకా సొగసు. 'కంపేటిబుల్' గడిలో ముందు కంపెనీ ఇంటిపేరు, కామా, తర్వాత పరికరం పేరు. ఫ్రీస్కేల్ అనే కంపెనీ ఇంటిపేరు ఎఫ్ఎస్ఎల్. 2015 డిసెంబరులో ఆ కంపెనీ ఎన్ఎక్స్‌పీలో కలిసిపోయింది. ఆ తర్వాత పుట్టిన ఐమ్యాక్స్ 8ఎమ్ చిప్పులకూ, ఐమ్యాక్స్ 93కూ కూడా ఇంటిపేరు ఎఫ్ఎస్ఎల్ అనే రాస్తారు. పుట్టేనాటికి ఇల్లే చేతులు మారిపోయినా తాతగారి ఇంటిపేరే. ఇది మాత్రం నాకు నచ్చిన మొండితనం. పాత డీటీబీ పట్టుకొచ్చినా కొత్త కెర్నల్ గుర్తుపట్టాలి, ఒకసారి రాసిన పేరు మార్చకూడదు అని కట్టుబాటు. జమీందారీలు 1948 చట్టంతో పోయినా మా పెద్దవాళ్లు చెరువును రాజావారి చెరువనే అంటారు. అలా అనబట్టే ఆ చెరువు ఇంకా ఎక్కడుందో తెలుస్తోంది. పేరు మార్చినచోట చెరువే కనపడదు.

ఇక మన ఇంజినీరింగ్ కాలేజీలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రాజాం నుంచి టెక్కలి దాకా కాలేజీలకు లోటు లేదు. 2022లో విజయనగరానికి గురజాడ పేరిట సొంత జేఎన్టీయూ కూడా వచ్చింది. కానీ ల్యాబులోకి అడుగు పెడితే కాలం 1980 దగ్గర ఆగిపోయి ఉంటుంది. బల్ల మీద 1978లో పుట్టిన 8086, దాని పక్కన 1980లో పుట్టిన 8051. 8051ను నేను ఒక్క మాట అనను. అది నాలుగిళ్ల ఊరు. మొదటి పోర్టు 80లో, రెండోది 90లో, మిగతా రెండూ ఏ0, బీ0లలో. అందరికీ కంఠతా వచ్చు, కరణం అక్కర్లేదు. కానీ ఆ నాలుగిళ్ల ఊరు చూపించి, పట్నంలో బతకడం నేర్పామని సర్టిఫికెట్టు ఇచ్చేస్తున్నారు. పిల్లాడు ఉద్యోగానికి వెళ్లి వందల నోడ్ల చిప్పు ముందు కూర్చుంటాడు. డీటీఎస్ అంటే డాల్బీ పక్కన ఉండే సినిమా సౌండేమో అనుకుంటాడు. వాడిదా తప్పు?

చివరి సంవత్సరంలో ప్రాజెక్టు ఉంటుంది. ప్రాజెక్టు పేరు ఏటా మారదు: 'ఐఓటీ ఆధారిత స్మార్ట్ వ్యవసాయం'. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు, దానికి నేల తేమ చెప్పే సెన్సరు, దాని మాట డిజిటల్లోకి మార్చే చిన్న ఏడీసీ, ఒక మోటారు. అమీర్‌పేటలో కొన్నా, డాబాగార్డెన్స్‌లో కొన్నా అదే సంచి, అదే రిపోర్టు. ఊళ్లో తండ్రి తనకున్న ఎకరన్నరలో తేమ ఎంతో కాలి బొటనవేలితో చెప్పగలడు. అయినా కొడుకు నలభై పేజీల పీపీటీ చేస్తాడు. డెమో రోజున సెన్సరు పలకదు. "సెన్సరు పాడైంది సార్" అంటాడు. సార్ కూడా "ఇంకోటి తెప్పించు" అంటారు. ఇంకోటి తెప్పిస్తారు. అదీ పలకదు.

పలకదు. ఎందుకంటే రాస్ప్‌బెర్రీ పై అడంగల్‌లో ఆ ఐ2సి వీధికి 'స్టేటస్' అనే గడిలో 'డిసేబుల్డ్' అని రాసి ఉంటుంది. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను రాస్తే, బూట్ అయ్యేటప్పుడు ఆ గడి 'ఓకే' అవుతుంది, వీధి తెరుచుకుంటుంది. ఆ లైను యూట్యూబులో దొరుకుతుంది. పిల్లాడు ఎక్కిస్తాడు, సెన్సరు పలుకుతుంది. చప్పట్లు. ఎందుకు పలికిందో వైవాలో ఎవరూ అడగరు. అడిగేవాళ్లకు తెలిస్తే కదా.

అదే రాస్ప్‌బెర్రీ పై మీద ఇంకో వినోదం ఉంది, చూపించకపోతే తోచదు. ఆ ఐ2సి ఇంటి నంబరు డివైస్ ట్రీలో 7ఈ804000. మొదటి పై మీద ప్రాసెసరుకు అదే ఇల్లు 20804000. పై 3 మీద 3ఎఫ్804000. పై 4 మీద ఎఫ్ఈ804000. ఇల్లు ఒకటే, చిప్పు లోపలి బస్సు పిలిచే నంబరొకటి, ప్రాసెసరు పిలిచే నంబరు ఇంకొకటి. పాత సర్వే నంబరు, రీసర్వే తర్వాత ఎల్పీఎం నంబరు రెండూ చేతిలో పెట్టుకుని సచివాలయం చుట్టూ తిరిగిన రైతుకు ఇదేం కొత్త కాదు. తేడా ఏమిటంటే, డివైస్ ట్రీలో 'రేంజెస్' అని ఒక గడి పెట్టి, పాత నంబరుకు కొత్త నంబరు ఇదీ అని ఒక్క వరుసలో రాసేశారు. ఒక్క వరుస! మన రెవెన్యూ శాఖకు ఎవరైనా ఈ గడి గురించి చెప్పాలి.

మొదటి పై మీదున్న చిప్పుకు, దాన్ని తయారుచేసిన బ్రాడ్‌కామ్ 2012 ఫిబ్రవరిలో 205 పేజీల పుస్తకం ఇచ్చింది. ఆ పుస్తకమంతా 7ఈ నంబర్లే. దాని తప్పొప్పుల పట్టిక మాత్రం వాడుకునేవాళ్లే కూర్చుని రాసుకున్నారు. అయినా అది దొడ్డ మనసు. పుస్తకం ఇవ్వని కంపెనీలు, ఇచ్చినా ముందు సంతకం పెట్టించుకునే కంపెనీలు ఎన్నో.

'స్టేటస్' గడి గురించి ఇంకొక్క మాట. అందులో 'ఓకే' అని ఉంటే కెర్నల్ నమ్ముతుంది. ఆ పరికరం కాలిపోయినా, బోర్డు మీద అసలు అతికించకపోయినా 'ఓకే' అంటే ఓకే. అసలు ఆ గడే లేకపోయినా ఓకే కిందే లెక్క. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. ఆ మర్నాడు కూడా రికార్డులో అవి తోటలే. రికార్డుకు గాలి తగలదు.

కెర్నల్ లేచేటప్పుడు ఈ కాగితం పట్టుకుని ఒక్కొక్కడినీ పిలుస్తుంది. ఆ పిలుపుల తంతు ఇంగ్లీషులో లాగు ఫైల్లో పడుతుంది. మా శ్రీకాకుళం యాసలో వింటే ఇలా ఉంటాది:

"ఎవుడ్రా అక్కడ? పేరేటి?"

"టచ్ స్క్రీన్నండి బావూ. ఐ2సి ఈదిలో 38 నంబరిల్లు."

"కాయితంలో పేరుంది. కరెంటు ఎవుడిస్తన్నాడు నీకు?"

"రెగులేటరండి."

"ఆడొచ్చేడా?"

"ఇంకా రానేదు బావూ. ఆడు కరెంటు పంచే పీఎంఐసీ గారింట్లో ఉంతాడు. ఆ పీఎంఐసీ గారిదేమో ఇంకో ఐ2సి ఈది. ఆ ఈదికి క్లాకు గావాలంట. క్లాకు డ్రైవర్ని కెర్నల్లో కట్టడం మర్సిపోనారంట."

"అయితే 517. ఎల్లి రేపు రా."

"నిన్నా అదే సెప్పేరు బావూ."

"రేపు కూడా అదే సెప్తాను. తర్వాత!"

ఆ 517 నా కల్పన కాదు. పరికరం తాను ఆధారపడినవాడు ఇంకా రాలేదంటే కెర్నల్ ఇచ్చే సంఖ్య అదే. వాయిదా. ఎవరైనా కొత్తవాడు వచ్చినప్పుడల్లా వాయిదా పడ్డవాళ్లను మళ్లీ పిలుస్తుంది, పాపం ఆ మాత్రం న్యాయం ఉంది. కానీ క్లాకు డ్రైవరు ఎప్పటికీ రాకపోతే టచ్ స్క్రీను ఎప్పటికీ వసారాలోనే. తెర వెలుగుతుంది, వేలు పెడితే ఉలకదు పలకదు. కస్టమర్ కేరుకు ఫోన్ చేస్తే "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు. మళ్లీ పిలుపులు, మళ్లీ 517.

ఈ చిప్పుల కంపెనీల సేల్స్ ఇంజినీర్ల ఉపన్యాసం వింటే, గురజాడ వారు 1892లోనే గిరీశాన్ని విజయనగరంలో స్టేజీ ఎక్కించడం ఎంత ముందుచూపో అర్థమవుతుంది. స్లైడు నిండా ఇంగ్లీషు, నోటి నిండా ఏఐ, ఎనిమిది కోర్లు, ఎన్నో టాప్స్. "మరి మెయిన్‌లైన్ కెర్నల్‌లో మీ డీటీఎస్ ఉందా?" అని అడగండి. చుట్ట ఒకటి వెలిగించినట్టు మొహం పెడతాడు. "మా ఎస్‌డీకే ఉంది కదండీ" అంటాడు. ఎస్‌డీకే అంటే పెట్టె. తాళం వాళ్ల దగ్గర ఉంటుంది. అందులో 2016 డిసెంబరులో వచ్చిన 4.9 కెర్నల్ ఉంటుంది. ఆ కెర్నల్‌కు మరమ్మతులు 2023 జనవరిలోనే ఆగిపోయాయి. దాని మీద ఇవాళ్టికీ నడిచే డబ్బాలున్నాయి. కంతలు పూడ్చేవాడు లేడు, కొత్త కెర్నల్ ఎక్కిద్దామంటే అడంగల్ లేదు. మూడేళ్లకు డబ్బా చెత్తబుట్టలోకి. లోపల చిప్పు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. దానికి జబ్బేమీ లేదు, ఎవరో చెప్పాల్సిన నాలుగు నంబర్లు చెప్పలేదు, అంతే.

ఆల్‌విన్నర్ అని ఒక చైనా కంపెనీ ఉంది. లోకమంతా డివైస్ ట్రీకి మారుతుంటే అది ఫెక్స్ అని సొంత లిపి తయారుచేసుకుంది. దాన్ని మాన్పించింది ప్రభుత్వాలు కాదు, కొనేవాళ్లూ కాదు. జీతం భత్యం లేని కొందరు వాలంటీర్లు సన్‌క్సీ పేరుతో చేరి, ఆ చిప్పులకు ఒక్కొక్క నోడూ రాసి మెయిన్‌లైన్‌లో పెట్టారు. యాపిల్ తన ఎం1 చిప్పుకు బయటివాళ్లకు ఒక్క పేజీ పుస్తకం కూడా ఇవ్వలేదు. అసాహి లినక్స్ బృందం తలుపులన్నీ ఒక్కొక్కటే తట్టి చూసి, 2021లో 5.13 కెర్నల్‌లోకి దాని మొదటి అడంగల్ ఎక్కించింది. ఊరివాళ్లే గొలుసు పట్టుకుని ఊరు కొలుచుకున్న సందర్భాలివి. అలా కొలిచాక కొన్ని చిప్పు కంపెనీలు ఏమంటాయో తెలుసా? "మా చిప్పుకు లినక్స్ సపోర్టు ఉంది" అంటాయి!

లినక్స్ కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షను లైసెన్సు కింద వస్తుంది. డబ్బాలో కెర్నల్ పెట్టి అమ్మేవాడు సోర్సు దానితో పాటే ఇవ్వాలి, లేదా అడిగినవాడికి ఇస్తానని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. డబ్బా అట్టపెట్టెలో ఆ కాగితం కోసం వెతకండి. గ్యారంటీ కార్డు ఉంటుంది, ఎనిమిది భాషల్లో 'నీళ్లలో ముంచవద్దు' అని ఉంటుంది. ఈ హామీ ఉంటే నాకు కబురు పెట్టండి, వచ్చి దండం పెట్టుకుంటాను.

సరే, కంపెనీ కంపెనీయే. అది దానధర్మాలకు పుట్టలేదు. మరి కొనేవాళ్ల సంగతేమిటి? వేలూ లక్షలూ డబ్బాలు కొనేది ప్రభుత్వం. ఊరూరా వేలిముద్ర మిషన్లు, బడుల్లో ట్యాబులు, ఫైబరు చివర పెట్టెలు. టెండరు కాగితాల్లో ర్యామ్ ఎంత, తెర ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు అని ఉంటాయి. అడంగల్ అడిగినవాడు లేడు. భూమి కొనేటప్పుడు ఈసీ తీయకుండా అడ్వాన్సు ఇవ్వని అధికారి, అదే సంతకంతో నోరు లేని డబ్బాలు బేరమాడి కొంటాడు. ఐదేళ్లకు ఆ కంపెనీ ఉండదు, కంపెనీ ఉన్నా ఆ మోడలు ఉండదు, మోడలు ఉన్నా ఆ ఇంజినీరు ఉండడు.

పైగా ఇప్పుడు మనం చిప్పుల రాష్ట్రం అవుతున్నాం. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్లకు 76,000 కోట్లు ప్రకటించింది. 2022 ఏప్రిల్‌లో స్వదేశీ రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల కోసం డిర్-వి కార్యక్రమం మొదలైంది. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌లో ఏఎస్ఐపీ కంపెనీ చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కు ఆమోదం చెప్పింది. ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు అన్నారు. సంతోషం. శంకుస్థాపనకు కొబ్బరికాయలు మా ఉద్దానం నుంచే పంపుతాం. చెట్లు మళ్లీ కాపుకొచ్చాయి. కానీ రిస్క్-ఫైవ్ అయినా, ఆర్మ్ అయినా, చిప్పు విజయనగరంలో పుట్టినా వుహాన్‌లో పుట్టినా, లినక్స్ దాన్ని లేపాలంటే ఆ కాగితం కావాల్సిందే. ఆ కాగితం రాయడం చదువుకున్న పిల్లలు కావాలి. ఆ పిల్లలు ఇవాళ 8051కు నాలుగో పోర్టు అడ్రసు బీ0 అని బట్టీ పడుతున్నారు.

టెండరులో రెండు వాక్యాలు చేర్చితే చాలు. ఒకటి, ప్రభుత్వం కొనే ప్రతి డబ్బాతో పాటు దాని డీటీఎస్ సోర్సు ఇవ్వాలి. రెండు, అది మెయిన్‌లైన్ కెర్నల్‌లో చేరిన తర్వాతే ఆఖరి పది శాతం బిల్లు. కావాలంటే కలెక్టర్లను పెట్టి చూడమనండి. ప్రీ-బిడ్ మీటింగులో మొదటి వరుస కాంట్రాక్టరు లేచి అడగబోయేది ఇప్పుడే చెప్పేస్తాను: "సార్, ఈ డీటీఎస్ అన్నది ఏ శాఖ ఇస్తుంది? మీసేవలో అప్లై చేసుకోవచ్చా?"